మెరక నేల మీద కన్ను: మయామీ లిబర్టీ స్క్వేర్ పాఠం

భూమి వేడెక్కుతోందని మనం హైస్కూలు నుంచే చదువుతున్నాం. ధ్రువాల దగ్గర మంచు కరుగుతుంది, వేడికి సముద్రపు నీరు వ్యాకోచిస్తుంది, సముద్ర మట్టం పెరుగుతుంది, తీరంలోని ఊళ్లు మునుగుతాయి. ఈ నాలుగు ముక్కలు రాస్తే నాలుగు మార్కులు వస్తాయి. ఆ జవాబులో లేని ఒక సంగతిని ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్ల ముందు, పూర్వ విద్యార్థుల ముందు ఉంచాలని మా ప్రయత్నం. సముద్రం పెరిగితే పల్లంలో ఉన్నవాళ్లకు ఇల్లు పోతుందని అందరికీ తెలుసు. నీరు పల్లమెరుగు అని సామెత ఉండనే ఉంది. కానీ అదే సముద్రం వల్ల మెరక మీద, వరద నీరు ఎక్కని చోట ఉన్న పేదవాళ్లకు కూడా ఇల్లు పోయే పరిస్థితి వస్తుంది. అది ఎలాగో అమెరికాలోని మయామీ నగరాన్ని చూస్తే అర్థమవుతుంది.

మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ఇప్పుడు పీజీలో నగరాల గురించిన పేపర్ ఒకటి ఉంది. దానికి సెమినార్ కోసం ఈ అంశం చదివాం. అమెరికా గొడవ మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లవారి తరఫున ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న వినతిపత్రం ప్రతులు పంపమని అందులో అడిగారు. డుబోయిస్ వెంటనే జవాబు ఇచ్చారు. వాళ్ల కష్టం చదివితే మన కష్టం తెలుస్తుందని ఆనాడే ఆయన అనుకున్నారు గనుక, ఈ ప్రశ్నకు మేము వేరే జవాబు వెతుక్కోలేదు.

మయామీ ఫ్లోరిడా రాష్ట్రానికి ఆగ్నేయ మూలన, అట్లాంటిక్ తీరాన ఉంటుంది. ఊరు 1896లో పుట్టింది. ఆ ఏడాదే హెన్రీ ఫ్లాగ్లర్ అనే పెట్టుబడిదారుడు తన రైలు మార్గాన్ని అక్కడిదాకా తెచ్చాడు. నగరంగా ప్రకటించాలంటే తగినంతమంది ఓటర్లు కావాలి. ఆనాడు ఓటేసిన 368 మందిలో 162 మంది నల్లవారే. అడవి కొట్టి, రాయి పగలగొట్టి, పట్టాలు పరిచిన కూలీలు వాళ్లు. ఓటు పనికొచ్చింది కానీ ఇల్లు మాత్రం సముద్రపు ఒడ్డున కట్టుకోనివ్వలేదు. ఒడ్డు తెల్లవారిది, హోటళ్లది. నల్లవారికి రైలు పట్టాల అవతల ఒక పేట చూపించారు. తర్వాత దానికే ఓవర్‌టౌన్ అనే పేరు వచ్చింది.

ఇక్కడ కొంచెం భూగోళశాస్త్రం అవసరం. దక్షిణ ఫ్లోరిడా అంతా దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. సముద్రానికి సమాంతరంగా సున్నపురాయి గట్టు ఒకటి మాత్రం సన్నగా పొడవుగా సాగుతుంది. గట్టంటే మన కొండల్లాంటిది కాదు, నడిచేవాడికి ఎక్కుతున్నట్టు కూడా తెలియదు. తీరంలో చాలా చోట్ల నేల సముద్ర మట్టానికి నాలుగైదు అడుగుల ఎత్తులో ఉంటే, ఈ గట్టు మీద పది అడుగులు, అక్కడక్కడ అంతకన్నా ఎక్కువ ఉంటుంది. నీళ్లలో మునగకూడదని రైలు కట్ట కూడా ఈ గట్టు మీదుగానే వేశారు. పట్టాల పక్క చోటు అప్పట్లో ఎవరికీ అక్కర్లేని చోటు. నల్లవారికి దొరికింది అదే.

మన పల్లెల్లో లెక్క తిరగబడి ఉంటుంది. మెరక మీద ఊరు, పల్లంలో మన వాడ. మా కాలనీకి ఇచ్చిన ఇళ్ల స్థలాలు చెరువు కట్ట కింద ఉన్నాయి. ముసురు పట్టిందంటే గడపలోకి నీళ్లొస్తాయి. మెరకా పల్లమా అన్నది ఒక్కో చోట ఒక్కో తీరు. ఎవరికీ అక్కర్లేని నేల ఎవరికి ఇస్తారన్నది మాత్రం రెండు చోట్లా ఒకటే.

లిబర్టీ స్క్వేర్ 1937లో తెరుచుకుంది. అప్పుడు అమెరికాలో గొప్ప ఆర్థిక మాంద్యం. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పని కల్పించడానికీ, మురికివాడలు తొలగించడానికీ ప్రభుత్వ ఖర్చుతో ఇళ్లు కట్టించింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారి కోసం కట్టిన తొలి గృహ సముదాయాల్లో ఇదొకటి. మొదట 243 ఇళ్లు. తర్వాత పెంచుకుంటూ పోయి 700 దాటించారు. ఓవర్‌టౌన్‌లో చెక్క గుడిసెల్లో ఉన్నవాళ్లకు కరెంటు, కుళాయి నీళ్లు ఉన్న ఇల్లు దొరికింది. అది చిన్న మేలు కాదు. అయితే ఆ మేలు వెనక ఇంకో ఆలోచన కూడా ఉంది. ఓవర్‌టౌన్ నగర కేంద్రానికి ఆనుకుని ఉంది. అక్కడి నల్లవారిని నాలుగైదు మైళ్ల అవతలికి పంపితే వ్యాపార కేంద్రం పెంచుకోవచ్చని తెల్ల వ్యాపారులు చూశారు. కొత్త ఇళ్లకూ పక్కనున్న తెల్లవారి పేటకూ నడుమ, 12వ అవెన్యూ వెంబడి గోడ కట్టారు. ఆ గోడ ముక్కలు కొన్ని ఈనాటికీ అక్కడ ఉన్నాయి.

ఒడ్డున ఉన్న మయామీ బీచ్ సంగతి కూడా చెప్పాలి. అది వేరే ఊరు. నల్లవారు అక్కడి హోటళ్లలో గదులు ఊడ్చారు, వంట చేశారు, పడక వేసుకోవడానికి మాత్రం వీల్లేదు. పొద్దుగూకాక ఊరు దాటిపోవాల్సిందే. బాక్సర్ మహమ్మద్ అలీ పేరు మనందరికీ తెలుసు. అప్పటికి ఆయన క్యాషియస్ క్లే. 1964 ఫిబ్రవరి 25న మయామీ బీచ్‌లో సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ రాత్రి సంబరం జరిగింది బీచ్ హోటల్లో కాదు, లిబర్టీ సిటీ పక్కనే బ్రౌన్స్‌విల్‌లో ఉన్న హాంప్టన్ హౌస్ అనే నల్లవారి వసతి గృహంలో. ప్రపంచ ఛాంపియన్‌కే ఆ గతి అయితే గదులు ఊడ్చే మనిషి సంగతి చెప్పనక్కరలేదు.

1960లలో ఐ-95 అనే పెద్ద రహదారిని సరిగ్గా ఓవర్‌టౌన్ మీదుగా వేశారు. పదివేల మందికి పైగా ఇళ్లు పోయాయి. చాలామంది లిబర్టీ సిటీకి చేరారు. ఈలోగా ఉద్యోగాలు తగ్గాయి, దుకాణాలు మూతపడ్డాయి. నల్లజాతికి చెందిన ఒక మోటారు సైకిలిస్టును పోలీసులు కొట్టగా అతను 1979 డిసెంబరులో చనిపోయాడు. 1980 మే నెలలో అందరూ తెల్లవారే ఉన్న జ్యూరీ ఆ పోలీసులను నిర్దోషులని వదిలేసింది. లిబర్టీ సిటీ తగలబడింది, 18 మంది చనిపోయారు. ఆ తర్వాత పత్రికలు ఆ పేటను నేరాల అడ్డా అనే రాస్తూ వచ్చాయి. అదే లిబర్టీ స్క్వేర్‌లో పెరిగిన ఇద్దరు పిల్లలు, బ్యారీ జెంకిన్స్, టారెల్ ఆల్విన్ మెక్రేనీ, పెద్దయ్యాక కలిసి పనిచేసిన ‘మూన్‌లైట్’ సినిమాకు 2017లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ సినిమా కొంత ఆ ఇళ్ల మధ్యనే తీశారు.

ఇక సముద్రం దగ్గరికి వద్దాం. 2020 నుంచి 2050 లోపు అమెరికా తీరం వెంబడి సముద్ర మట్టం సగటున 10 నుంచి 12 అంగుళాలు పెరుగుతుందని ఆ దేశపు సముద్ర, వాతావరణ సంస్థ 2022లో అంచనా వేసింది. అడుగు అంటే మనకు చిన్నదిగా అనిపిస్తుంది. నాలుగు అడుగుల ఎత్తున ఉన్న వీధికి అది చిన్నది కాదు. పైగా మయామీ కింద ఉన్న సున్నపురాయి స్పాంజి లాంటిది, నిండా రంధ్రాలు. ఒడ్డున ఎంత గోడ కట్టినా నీరు నేల కింద నుంచి ఊరుతుంది. శరదృతువులో పెద్ద పోటు వచ్చిన రోజుల్లో, మబ్బు లేని మిట్టమధ్యాహ్నం కూడా మ్యాన్‌హోళ్లలోంచి ఉప్పునీరు రోడ్డు మీదికి వస్తుంది. మయామీ బీచ్ నగరం రోడ్లు ఎత్తు చేయడానికీ, పెద్ద పంపులు పెట్టడానికీ సుమారు 50 కోట్ల డాలర్ల పథకం పెట్టుకుంది. డబ్బున్న ఊరు గనుక అంత పెట్టుకోగలిగింది.

ఇలాంటప్పుడు ఇల్లు కొనేవాడు ఏం చేస్తాడు? ఎత్తు అడుగుతాడు. పెట్టుబడి పెట్టేవాడు అంతకన్నా ముందే అడుగుతాడు. జెస్సీ కీనన్ అనే ఆచార్యుడు ఇద్దరు సహచరులతో కలిసి మయామీ-డేడ్ కౌంటీలో లక్షకు పైగా ఇళ్ల ధరలను 1971 నుంచి పరిశీలించి 2018లో ఒక పత్రం ప్రచురించారు. ఎత్తు మీద ఉన్న ఇళ్ల ధర పెరిగే వేగానికీ ఆ ఎత్తుకూ సంబంధం ఉందని అందులో తేలింది. దీన్ని క్లైమేట్ జెంట్రిఫికేషన్ అంటున్నారు. పేదల పేటలోకి డబ్బున్నవాళ్లు వచ్చి చేరడం, అద్దెలు, ధరలు పెరగడం, పాతవాళ్లు నిలవలేక వెళ్లిపోవడం జెంట్రిఫికేషన్. దానికి వాతావరణ మార్పు తోడైతే ఈ పేరు. అదే 2018లో మయామీ నగర పాలక మండలి ఈ విషయాన్ని అధ్యయనం చేయాలని తీర్మానం చేసింది. ఆనాటి పట్టాల పక్క గట్టు, ఓవర్‌టౌన్, లిబర్టీ సిటీ, హైతీ దేశం నుంచి వచ్చినవాళ్లు స్థిరపడ్డ లిటిల్ హైతీ, అన్నీ ఇప్పుడు ఎత్తు నేలల జాబితాలోకి వచ్చాయి.

2015లో కౌంటీ ప్రభుత్వం లిబర్టీ స్క్వేర్‌ను కూల్చి కొత్తగా కడతామని ప్రకటించింది. ‘లిబర్టీ సిటీ రైజింగ్’ అని పేరు పెట్టారు. 2016లో ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థకు అప్పగించారు. ఖర్చు 30 కోట్ల డాలర్లకు పైమాట. పాతవి ఒక వరస, రెండంతస్తుల ఇళ్లు, కొత్తవి అపార్టుమెంట్లు. వాటిలో ప్రభుత్వ గృహాలు కొన్ని, ‘అందుబాటు ధర’ ఇళ్లు కొన్ని, మార్కెట్ అద్దెవి కొన్ని.

ఇదంతా సముద్రం వల్లే జరిగిందని రాస్తే వ్యాసం సులువుగా అయిపోతుంది కానీ అది న్యాయం కాదు. ఇళ్లకు 80 ఏళ్లు దగ్గర పడ్డాయి. మరమ్మతులు లేవు. ఎలుకలు, తేమ, తుపాకీ కాల్పులు నిజమే. కొత్త ఇళ్లు కావాలని అడిగిన నివాసులు చాలామంది ఉన్నారు. అధికారులు కూడా సముద్రం పేరెత్తలేదు, పాత ఇళ్ల పేరే చెప్పారు. నగర కేంద్రానికి దగ్గర అనే కారణం ఎలాగూ ఉంది. మా ఉద్దేశంలో సముద్రం చేసింది ఒకటే. ఎనభై ఏళ్లు ఎవరూ పట్టించుకోని నేలకు విలువ వచ్చింది. విలువ వచ్చిన నేల మీద పేదవాడు మిగలడమా, వెళ్లిపోవడమా అన్నది సముద్రం నిర్ణయించదు, కాగితం మీది షరతులు నిర్ణయిస్తాయి. అందుకే ఆ షరతుల దగ్గర కొంచెంసేపు ఆగుదాం.

మొదటిది అద్దె. అమెరికాలో ప్రభుత్వ గృహంలో ఉన్న కుటుంబం సాధారణంగా తన ఆదాయంలో 30 శాతం అద్దెగా కడుతుంది. నెలకు వెయ్యి డాలర్లు వస్తే 300. పని పోయి ఆదాయం 500కు పడితే అద్దె కూడా 150కి దిగుతుంది. ‘అందుబాటు ధర’ ఇల్లు అలా కాదు. అక్కడ అద్దెను ఆ ప్రాంతపు సగటు స్థాయి కుటుంబ ఆదాయాన్ని బట్టి, అందులో 60 శాతమో మరొకటో సంపాదించే కుటుంబం భరించగలిగినట్టు నిర్ణయిస్తారు. మీ ఆదాయం పడిపోయినా అద్దె పడిపోదు. కూలి పనివాడి ఆదాయం ఆ 60 శాతానికి చాలా దిగువన ఉంటే, అందుబాటు అనే మాట బోర్డు మీదే. రెండు పేర్లూ వినడానికి ఒకేలా ఉంటాయి. ఈ తేడా తెలియక సంతకం పెట్టే ప్రమాదం ఎక్కడైనా ఉంది.

రెండోది లెక్క. ఒక ప్రభుత్వ గృహం కూల్చితే ఇంకొకటి కట్టాలనే ‘ఇంటికి ఇల్లు’ నిబంధన ఒకప్పుడు చట్టంలో ఉండేది. 1995లో దాన్ని పక్కన పెట్టారు, 1998లో పూర్తిగా తీసేశారు. అదే 1998 చట్టంలోని ఫెయిర్‌క్లాత్ సవరణ ప్రకారం, ఒక గృహ సంస్థకు 1999 అక్టోబరు 1 నాటికి ఉన్న ఇళ్ల సంఖ్యను మించి కట్టడానికి కేంద్రం డబ్బు ఇవ్వదు. తగ్గించడానికి తలుపు తెరిచారు, పెంచడానికి మూశారు.

మూడోది వోచర్. కూల్చేటప్పుడు కుటుంబానికి వోచర్ ఇస్తారు. దానితో ప్రైవేటు ఇల్లు వెతుక్కుంటే, కుటుంబం తన ఆదాయంలో 30 శాతం మేర పెట్టుకుంటుంది, మిగతాది ఒక హద్దు దాకా ప్రభుత్వం భరిస్తుంది. వినడానికి బాగుంది. కానీ వోచర్ ఉన్నవాళ్లకు ఇల్లివ్వని యజమానులు ఉంటారు. నిర్ణీత గడువు లోపల ఇల్లు దొరకకపోతే వోచర్ చెల్లదు. దొరికిన ఇల్లు పిల్లల బడికీ, పనికీ దూరం. హాస్టల్ సీటు వేరే మండలంలో వచ్చినవాళ్లకు ఆ దూరం సంగతి మేము వివరించనక్కరలేదు.

నాలుగోది అన్నింటికన్నా మెత్తగా కనిపించేది, తిరిగి వచ్చే హక్కు. కొత్త ఇళ్లు పూర్తయ్యాక పాతవాళ్లకే మొదట ఇస్తామంటారు. కింద చిన్న అక్షరాల్లో ‘లీజు నిబంధనలు పాటించినవారికి’ అని ఉంటుంది. అంటే అద్దె బకాయి ఉండకూడదు, ఇంట్లో ఎవరి మీదా కేసు ఉండకూడదు. 1996లో క్లింటన్ కాలంలో ‘ఒక్క తప్పు చాలు’ అనే విధానం ముందుకు తెచ్చారు. ఇంట్లో వారో, వచ్చిన చుట్టమో మత్తుమందుతో పట్టుబడితే కుటుంబం మొత్తాన్నీ ఖాళీ చేయించవచ్చు. ఇంటి పెద్దకు ఆ సంగతి తెలియకపోయినా సరే. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో కొందరు వృద్ధులు దీని మీద కోర్టుకెక్కారు. 2002లో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. మనవడు కారు పార్కింగ్‌లో చేసిన పనికి ముసలమ్మ ఇల్లు పోవచ్చన్నమాట.

ఈ షరతులన్నీ కలిస్తే ఏమవుతుందో మయామీకి ముందే న్యూ ఆర్లీన్స్‌లో కనిపించింది. అది లూసియానా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఉన్న నగరం. అక్కడ నది పక్క నేల ఎత్తు, లోపలికి పోయేకొద్దీ పల్లం. నదికి దగ్గరలో సెయింట్ థామస్ అనే ప్రభుత్వ గృహ సముదాయం ఉండేది, సుమారు 1,500 ఇళ్లు. తుఫాను రాకముందే, 2000 ప్రాంతంలో దాన్ని కూల్చారు. దాని స్థానంలో రివర్ గార్డెన్ అనే కొత్త పేట, పక్కనే వాల్‌మార్ట్ దుకాణం వెలిశాయి. ప్రభుత్వ గృహాలుగా తిరిగి వచ్చినవి కొన్ని వందలకు మించలేదు. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను వచ్చి కట్టలు తెగి నగరంలో 80 శాతం మునిగినప్పుడు, ఈ నేల మాత్రం మునగలేదు.

తుఫాను తర్వాత జనం హ్యూస్టన్‌కు, అట్లాంటాకు చెల్లాచెదురయ్యారు. నగరంలో మిగిలిన నాలుగు పెద్ద ప్రభుత్వ గృహ సముదాయాలు ఇటుకతో గట్టిగా కట్టినవి. కడిగి బాగుచేస్తే ఉండవచ్చని ఎంఐటీకి చెందిన ఆర్కిటెక్చర్ ఆచార్యుడు ఒకరు పరిశీలించి చెప్పారు. అయినా నివాసులను రానివ్వకుండా తలుపులకు ఇనుప రేకులు బిగించారు, చుట్టూ కంచె వేశారు. న్యూ ఆర్లీన్స్ ప్రభుత్వ గృహాల బెడద మనవల్ల తీరలేదు, దేవుడే తీర్చాడని రిచర్డ్ బేకర్ అనే కాంగ్రెస్ సభ్యుడు అన్నట్టు వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. తన మాటలను సరిగా రాయలేదని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 2007 డిసెంబరు 20న నగర కౌన్సిల్ ఆ నాలుగింటిలోని సుమారు 4,500 ఇళ్లను కూల్చడానికి ఏడుగురికి ఏడుగురూ ఓటేశారు. బయట గేటు దగ్గర నివాసుల మీద పోలీసులు మిరియపు స్ప్రే కొట్టారు. ఆ నాలుగింటిలో లాఫిట్ అనే ఒక్క చోట మాత్రం ఇంటికి ఇల్లు కడతామన్న మాట వచ్చింది. చట్టం అడగకపోయినా ఆ మాట వచ్చిందంటే దాని వెనక నివాసుల పోరాటం ఉందని మేము అనుకుంటున్నాం.

మయామీలో కూల్చడం ఒక్కసారిగా జరగలేదు, విడతలవారీగా జరిగింది. కొందరిని అదే ఆవరణలో సర్దారు, చాలామంది వోచర్ తీసుకుని వెళ్లారు. లిటిల్ హైతీలో 2019లో ‘మ్యాజిక్ సిటీ’ అనే భారీ కట్టడాల పథకానికి నగర పాలక మండలి అనుమతి ఇచ్చింది. బదులుగా కట్టేవాళ్లు ఆ పేట కోసం 3.1 కోట్ల డాలర్లు ఒక ట్రస్టుకు ఇవ్వాలి. డబ్బు వస్తుంది సరే, అద్దెకున్నవాడి చేతిలో ఇంటి కాగితం లేదు, ధర పెరిగితే లాభం ఇంటి యజమానికి, నష్టం అతనికి. లిబర్టీ స్క్వేర్ కథను కాట్యా ఎస్సన్ అనే దర్శకురాలు కొన్నేళ్లు అక్కడే తిరిగి ‘రేజింగ్ లిబర్టీ స్క్వేర్’ అనే డాక్యుమెంటరీగా 2023లో తెచ్చారు. దొరికితే చూడండి, ఇంగ్లీషు కష్టమైనా ముఖాలు అర్థమవుతాయి.

తిరిగి వచ్చే హక్కు గురించి ఒక లెక్క మిగిలింది. పథకం ప్రకటించింది 2015లో. మొదటి విడత కొత్త ఇళ్లు తెరిచింది 2019లో. మిగతా విడతలు ఆ తర్వాత కూడా సాగుతూనే వచ్చాయి. 2015లో లిబర్టీ స్క్వేర్ నుంచి ఆరో తరగతికి వెళ్తున్న పిల్ల 2022 నాటికి పన్నెండో తరగతి కూడా దాటేసింది. ఆ ఏడేళ్లు ఆ కుటుంబం ఎక్కడుంది, అద్దె ఎంత కట్టింది, పిల్ల ఎన్ని బడులు మారింది అనేవి తిరిగి వచ్చే హక్కు కాగితంలో ఏ గడిలోనూ ఉండవు.